అవును, నిద్రపోవడానికే వచ్చారు

“ఇక్కడికి నిద్రపోవడానికి వచ్చారా, వైద్యానికి వచ్చారా?”

పిల్లల వార్డులో రాత్రిపూట లైటు ఆర్పమని అడిగిన ఏ తల్లికైనా ఈ మాట కొత్త కాదు. మా అక్క అడిగినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చింది. అన్నవాడు చెడ్డ మనిషేం కాదు. పొద్దుటి నుంచి పరుగులు తీసి, మనిషి తక్కువయ్యాడని రాత్రి కూడా డ్యూటీ ఎక్కినవాడు. అయినా ఆ మాట నాలో ఇంకా రగులుతూనే ఉంది. అది అతని సొంత మాటైతే ఆ రాత్రికే మరిచిపోయేదాన్ని. మన ఆస్పత్రుల కట్టుబడిలో, వైరింగ్‌లో, మందుల వేళల్లో, డ్యూటీ చార్టుల్లో ఏళ్లుగా పేరుకుపోయిన మాట అది. వైద్యం ఒక పని, నిద్ర ఇంకో పని, రెండోది ఇంటికెళ్లాక చూసుకోండి అనే మాట. దానికి నా జవాబు ఇదిగో: అవును, ఆ పిల్లలు నిద్రపోవడానికి కూడా వచ్చారు. నిద్ర లేకుండా మీ మందు సగమే పనిచేస్తుంది. ఆ నిద్రను మీ అలవాట్ల కోసం పాడుచేసే హక్కు మీకు ఎవరిచ్చారు?

ఒకటి రెండు రాత్రుల సంగతైతే ఇంత బాధ పడను. జ్వరమొచ్చి రెండు సెలైన్ బాటిళ్లు ఎక్కించుకుని పోయే పిల్లవాడు ఇంటికెళ్లి ఒక పూట ఎక్కువ పడుకుంటే సరిపోతుంది. ఎముకకు చీము పట్టిన పిల్లకు నాలుగు నుంచి ఆరు వారాలు యాంటీబయాటిక్స్ పడాలి. మెదడు పొరలకు టీబీ సోకినవాళ్లు, మరుగుతున్న గంజి మీద పడి ఒళ్లు కాలినవాళ్లు, నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో మొహం ఉబ్బి మళ్లీ మళ్లీ చేరేవాళ్లు, నెలలు నిండకుండా పుట్టి గాజుపెట్టెలో పెరిగే పసికందులు, వీళ్లందరికీ ఆస్పత్రే ఇల్లు. లుకేమియా పిల్లలదైతే మరీ దూరపు దారి. ఇండక్షన్ అనే మొదటి దశే సుమారు నెల రోజులు. మొత్తం చికిత్స రెండు మూడేళ్లు. మా అక్క కొడుకుది ఆ జబ్బే. రాత్రిళ్లు అక్కకు తోడుగా నేను వంతు తీసుకునేదాన్ని కాబట్టి, ఆ వార్డు రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసు. పగలు రౌండ్స్‌కు వచ్చే పెద్ద డాక్టర్లకు తెలియదు.

ముందు లైట్ల సంగతి. పొడుగాటి హాలు, అటూ ఇటూ మంచాలు, తలుపు పక్కన ఒకటే స్విచ్ బోర్డు. ఒక్క స్విచ్ వేస్తే వరుసంతా వెలుగుతుంది. చివరి మంచం మీద పాపకు క్యానులా ఊడిపోయిందంటే, మళ్లీ పెట్టే దాకా ఆ వరుసలో పిల్లలందరి కళ్లలోకీ ట్యూబ్‌లైట్ పడాల్సిందే. పని అయ్యాక ఆర్పాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. ఆ భవనానికి ప్లాను గీసినవాళ్లున్నారు, మంజూరు చేసినవాళ్లున్నారు, బిల్లులు పాస్ చేసినవాళ్లున్నారు. ఇక్కడ పిల్లలు రాత్రి పడుకుంటారన్న సంగతి వాళ్లలో ఒక్కరికి గుర్తొచ్చినా, మంచానికో చిన్న దీపం, దానికో స్విచ్ పెట్టించేవారు. రైల్లో రాత్రి పది దాటితే పెద్ద లైట్లు ఆర్పాలని, ఫోన్లలో పాటలు గట్టిగా పెట్టకూడదని మన రైల్వేలకు నియమం ఉంది. ఒక్క రాత్రి ప్రయాణం చేసే పెద్దవాళ్ల మీద ఉన్న ఆ పాటి దయ, నెలల తరబడి అక్కడే బతికే పిల్లల మీద లేదు.

తరువాత చప్పుడు. మందు పంపు ఉంటుంది చూడండి, సెలైన్ చుక్కలను లెక్కపెట్టి ఎక్కించే ఆ చిన్న యంత్రం. పిల్లవాడు నిద్రలో చెయ్యి మడిస్తే కూస్తుంది. గొట్టంలో గాలి బుడగ వస్తే కూస్తుంది. మందు అయిపోవస్తుంటే కూస్తుంది, అయిపోయాక ఇంకా గట్టిగా కూస్తుంది. దాన్ని చూడాల్సిన సిస్టర్ వార్డు ఆ చివర ఇంకో బిడ్డ దగ్గర ఉంటుంది. ఆమె వచ్చేసరికి పక్క మంచాల వాళ్లు కూడా లేచి కూర్చుంటారు. కొన్నాళ్లకు తల్లులే ఆ కూత ఆపే బటన్ ఎక్కడుందో నేర్చుకుంటారు. నేర్చుకోకూడదు, ప్రమాదం. కానీ బిడ్డ నిద్ర కోసం ఇంకేం చేయగలరు? ఈ అలారాల మోతకు అలవాటుపడి అసలు ప్రమాదపు కూతను కూడా సిబ్బంది పట్టించుకోని స్థితి వస్తుందని అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లోనే హెచ్చరించింది. ఏ అలారం అవసరం, ఏది అనవసరం, ఎంత గట్టిగా మోగాలి అన్నది కూర్చుని తేల్చుకోవాల్సిన పని. మన దగ్గర చాలాచోట్ల యంత్రం కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే మోగుతూ ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక కొత్త కేసు వస్తుంది. నూనె ఎరగని స్ట్రెచర్ చక్రాలు ఆ చివర నుంచి ఈ చివరకు కీచుమంటాయి. ఎవరి ఫోన్‌లోనో రీల్స్ మోగుతుంటాయి. సెక్యూరిటీ మనిషి వచ్చి పాసులు చూపించమని గట్టిగా కేకేస్తాడు. టెంపరేచర్ చూడటానికి ఒకరు, బీపీకి ఇంకొకరు, మందు వేయడానికి మరొకరు, ఒకే బిడ్డ దగ్గరకు వేర్వేరు వేళల్లో వస్తారు. కాస్త కన్ను అంటుకుందనగా తెల్లవారుజామున రక్తం తీయడానికి వస్తారు. ఎందుకంత పొద్దున్నే అంటే, తొమ్మిదింటి రౌండ్స్‌కు రిపోర్టులు టేబుల్ మీద ఉండాలి. ఆ వెంటనే ఫినాయిలు బకెట్లు, మంచాలు జరపమని కేకలు. ఆ తర్వాత తెల్లారుతుంది. పొద్దున డాక్టరు గారు వచ్చి, “ఏరా, హుషారుగా లేవేంటి?” అని అడుగుతారు.

డబ్బు పోస్తే నిద్ర దొరుకుతుందనుకునేవాళ్లకు ఒక మాట. కార్పొరేట్ ఆస్పత్రి సింగిల్ రూంలోనూ తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. ఒకరు చెత్తబుట్టకు, ఒకరు మానిటర్‌కు, ఒకరు సంతకానికి. తలుపు తెరిచిన ప్రతివాళ్లూ పెద్ద లైటే వేస్తారు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చేమో. ఓర్చుకోలేనిది ఒకటుంది. మావాడు ఒక రాత్రి కళ్లు మూతలు పడుతున్నా బలవంతంగా తెరుచుకుని కూర్చున్నాడు. పడుకో నాన్నా అంటే, “పడుకుంటే సూది వేస్తారు పిన్నీ” అన్నాడు. వాడి అనుభవం అదే మరి. మెలకువగా ఉన్నప్పుడు సూదితో ఎవరైనా వస్తే ముందు కనిపిస్తారు, ఏడవచ్చు, అమ్మను గట్టిగా పట్టుకోవచ్చు. నిద్రలో ఉంటే ఏమీ లేదు, ఒక్కసారిగా చెయ్యి మెలిపడి, నొప్పి. నిద్ర అంటే కాపలా లేని సమయం అని వాడికి నేర్పింది ఎవరు? జబ్బు నేర్పలేదు. “నిద్రలో ఉన్నాడుగా, ఇప్పుడే గుచ్చేద్దాం, గొడవ ఉండదు” అనుకునే మనం నేర్పాం. పిల్లల వైద్యంలో ఒక పాత సూత్రం ఉంది: నొప్పి కలిగించే పని ఏదైనా మంచం మీద చేయొద్దు, పక్క గదికి తీసుకెళ్లి చేయండి, మంచం మీద తనకేమీ కాదన్న నమ్మకం బిడ్డకు మిగలనివ్వండి. తప్పనిసరైతే ముందు మెల్లగా లేపి, చెప్పి, అప్పుడు గుచ్చండి. దీనికి బడ్జెట్ కావాలా? జీవో కావాలా?

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. పెద్ద జబ్బుల వార్డుల్లో కొన్ని రాత్రులు ఏదో ఒక మంచం ఖాళీ అవుతుంది. ఆ తల్లి ఏడుపు వార్డంతా వింటుంది. పెద్దవాళ్లు తమ పిల్లలు నిద్రలో ఉన్నారనుకుంటారు. ఉండరు. కళ్లు మూసుకుని వింటుంటారు. తెల్లారాక ఆ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తారు, దాని గురించి ఒక్కరూ ఆ పిల్లలతో మాట్లాడరు. నిన్నటి దాకా తమతో బొమ్మలాట ఆడిన పిల్ల ఏమైందో అడగకూడదని వాళ్లే అర్థం చేసుకుంటారు. ఆ తర్వాత రాత్రి నిద్ర పట్టలేదని మారాం చేస్తే, “గారాబం చేసి చెడగొట్టారు” అని తల్లిని తిడతారు.

అసలు నిద్ర ఎందుకు అని అడిగేవాళ్లకు వైద్యశాస్త్రమే జవాబు చెబుతుంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో నిర్ణయించింది. ఇది ఆరోగ్యంగా ఉన్న పిల్లల లెక్క. ఎదుగుదల హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. నిద్ర తగ్గితే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. చీకటి పడ్డాక మెదడు మెలటోనిన్ విడుదల చేసి ఒంటిని నిద్రకు సిద్ధం చేస్తుంది. పసిపిల్లల కళ్లు వెలుగుకు పెద్దవాళ్ల కన్నా సున్నితం. నిద్రకు ముందు గంటసేపు బాగా వెలుతురులో ఉంచితే చిన్నపిల్లల్లో మెలటోనిన్ దాదాపు 88 శాతం పడిపోయిందని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో చూపించారు. క్యాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్న పిల్లల రాత్రులను అమెరికాలో పమేలా హైండ్స్ బృందం గమనించి 2007లో రాసింది. నిద్ర ఎక్కువసార్లు చెదిరిన పిల్లల్లో అలసట ఎక్కువగా కనిపించింది. మావాడి లాంటి పిల్లలకు ఇచ్చే డెక్సామెథసోన్ మందే నిద్రను చెడగొడుతుంది, చిరాకు తెప్పిస్తుంది, అర్ధరాత్రి ఆకలి రేపుతుంది. రెండింటికి లేచి ఇడ్లీ కావాలని ఏడ్చే పిల్లలను ఆ వార్డుల్లో ఎవరైనా చూడొచ్చు. మందు ఎలాగూ కొంత నిద్ర తీసుకుంటోంది కదా, మిగిలిందైనా కాపాడాలి కదా! ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో మొక్కను పెకిలించి చూసే పని ఇది.

ఇంతటి విషయం ఆ పిల్లవాడి కేస్ షీట్‌లో ఎక్కడుంది? తిరగేసి చూడండి. ఎంత నీళ్లు తాగాడో మిల్లీలీటర్లలో ఉంటుంది. ఎంత మూత్రం పోశాడో ఉంటుంది. మోషన్ ఎన్నిసార్లు, జ్వరం ఎంత, పల్స్ ఎంత, బరువు ఎంత, అన్నీ ఉంటాయి. ఉండాలి కూడా. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడో రాసే గడి ఎక్కడా లేదు. ఎన్నిసార్లు లేపారో రాసే గడి అసలే లేదు. రాయనిదాన్ని ఎవరూ అడగరు. అడగనిదానికి ఎవరూ బాధ్యులు కారు. పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ “యూరిన్ ఔట్‌పుట్ ఎంత?” అంటే పీజీ తడుముకోకుండా చెప్పాలి, చెప్పకపోతే మాట పడాలి. “రాత్రి ఎంతసేపు పడుకున్నాడు?” అని అడిగే ప్రొఫెసర్ మా వార్డులో నాకు కనిపించలేదు. ఆ ఒక్క ప్రశ్న రోజూ పడితే, వారం తిరక్కుండా ఆ వార్డు రాత్రి మారిపోతుంది. స్విచ్ ఎవరు ఆర్పాలో, పంపు ఎవరు చూడాలో వాళ్లకు వాళ్లే తేల్చుకుంటారు.

మందుల వేళలు చూడండి. ఎనిమిది గంటలకోసారి అని రాసిన మందును పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి ఇవ్వొచ్చు. అర్ధరాత్రి 12, పొద్దున 8, సాయంత్రం 4కీ ఇవ్వొచ్చు. ఒంట్లోకి వెళ్లే మందు అదే. మొదటి పద్ధతిలో బిడ్డకు ఎనిమిది గంటల రాత్రి దొరుకుతుంది, రెండో పద్ధతిలో ఆ రాత్రి రెండు ముక్కలవుతుంది. ఏది ఎంచుకుంటున్నామన్న ఆలోచన లేకుండానే ఎంపిక జరిగిపోతోంది, ఎందుకంటే వార్డులో ఎప్పటి నుంచో అలా నడుస్తోంది. వాపు తగ్గించే లాసిక్స్ సాయంత్రం పొద్దుపోయాక ఇస్తే పిల్ల రాత్రంతా బాత్రూంకు లేవాల్సిందే. అదే మధ్యాహ్నానికి ముగిస్తే? నిలకడగా ఉన్న బిడ్డకు రాత్రి రెండింటికి బీపీ పట్టీ బిగించడం ఎందుకు? రక్తం తీయడం, జ్వరం చూడటం, మందు వేయడం ఒకేసారి పెట్టుకుంటే మూడు మెలకువలు ఒకటవుతాయి. షికాగో విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో సియెస్టా అనే పేరుతో ఇదే పని చేశారు. అక్కడ అది పెద్దల వార్డు. రాత్రి అనవసరంగా లేపే ఆర్డర్లను డాక్టర్లు రాసేటప్పుడే కంప్యూటర్ గుర్తుచేసేలా పెట్టి, నర్సులకు శిక్షణ ఇచ్చి, ఫలితాలను 2019లో ప్రచురించారు. లేపడాలు తగ్గాయి. మనకు ఆ కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కేస్ షీట్ మీద పెన్నుతో రాస్తే చాలు.

అన్ని మెలకువలనూ నేను తప్పుపట్టడం లేదు. కీమో ఎక్కుతున్న రాత్రి, ఆపరేషన్ అయిన రాత్రి, ఊపిరి అందని బిడ్డ దగ్గర, ప్రతి గంటా చూడాల్సిందే. మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కిస్తే మూత్రం పరీక్షించడానికి బిడ్డను లేపుతారు, లేపకపోతే కిడ్నీలకు ముప్పు. ఆ సంగతి తల్లికి ఒక్క మాట విడమరిచి చెబితే ఆమే అలారం పెట్టుకుని లేచి కూర్చుంటుంది. నా కోపం అవసరం లేని మెలకువల మీద. ఏది అవసరం, ఏది కాదు అని విడదీసే ఓపిక కూడా చూపించని నిర్లక్ష్యం మీద.

చట్టం లేదా అంటే, ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆస్పత్రి చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. రాత్రి పది నుంచి ఆరు దాకా అక్కడ 40 డెసిబెల్స్ దాటకూడదు. వార్డు లోపల రాత్రి సగటున 30కి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. నెలలు నిండని శిశువుల యూనిట్లలో 45 దాటకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1997లో చెప్పింది. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దాకా వెళుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు నగరాల్లో శబ్దం కొలిచే కేంద్రాలు మొదలుపెట్టినప్పుడు అందులో హైదరాబాద్ ఒకటి. బయట రోడ్డు మీద మోతను కొలిచే మీటరు ఉంది. మంచాల మధ్య మోతను కొలిచే మీటరు నాకు ఏ పిల్లల వార్డులోనూ కనబడలేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే యాప్‌తో కూడా ఎవరూ కొలవలేదు.

2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీద పోలీసులు అర్ధరాత్రి విరుచుకుపడిన కేసులో, నిద్ర పౌరుడి ప్రాథమిక హక్కు అని, 21వ అధికరణం కిందకు వస్తుందని చెప్పింది. పిల్లలకు విశ్రాంతి హక్కుందని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. ఆరోగ్యంగా ఉన్న పౌరుడికి మైదానంలో ఉన్న హక్కు, ఒంట్లో విషం లాంటి మందు ప్రవహిస్తున్న ఐదేళ్ల బిడ్డకు వార్డులో లేదా?

తల్లుల సంగతి ఇంకా ఘోరం. మన ఇళ్లలో పిల్లలు అమ్మ పక్కనో నాన్నమ్మ పక్కనో పడుకుంటారు. అమ్మ చీర కొంగు చేతిలో ఉంటేనే నిద్రపట్టే పిల్లలు వేలమంది. ఆస్పత్రిలో మంచం రోగికి మాత్రమే. తల్లి కుర్చీలో కూర్చోవాలి, లేదా మంచం కింద చాప వేసుకోవాలి. మంచం మీద ఒత్తిగిల్లితే అరుపులు. తండ్రికైతే రాత్రి లోపలికి ప్రవేశమే లేదు, గేటు బయట పేపరు పరుచుకుని దోమలతో తెల్లవార్చాలి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో ఇల్లూ కూలీ వదిలి వచ్చిన మనిషి అతను. ఐసీయూలో అయితే తల్లికి కూడా సందర్శన వేళలే. ఇన్ఫెక్షన్ అంటారు. చేతులు కడిగించి, గౌను వేయించి, కూర్చోబెట్టొచ్చు కదా. బ్రిటన్‌లో ఒకప్పుడు పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను వారానికి ఏదో కాసేపు రానిచ్చేవారు. ఆస్పత్రిలో ఒంటరిగా ఉన్న రెండేళ్ల పాప ఎలా నలిగిపోయిందో జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో సినిమా తీసి చూపించాడు. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చింది, తల్లిని ఎప్పుడైనా రానివ్వండి, చిన్నపిల్లల దగ్గర ఉండనివ్వండి అని. అరవై ఏళ్లు దాటిపోయాయి. మన కేంద్ర ఆరోగ్యశాఖ కూడా నవజాత శిశువుల యూనిట్లలో తల్లిదండ్రులను సంరక్షణలో భాగం చేయాలని 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం ఢిల్లీ నుంచి జిల్లా దాకా వస్తుంది, మంచం దాకా రాదు. తల్లి నడుం వాల్చడానికి అడుగున్నర వెడల్పు మడత బెంచీ మంచం పక్కన వేయడం అంత అసాధ్యమా? నిద్రలేని తల్లి చేతుల్లో బిడ్డకు నిద్ర రాదు. ఆమె ఒళ్లే బిగుసుకుని ఉంటుంది.

నేను సిస్టర్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మేమున్న వార్డులో రాత్రి ఒక్క సిస్టరే అన్ని మంచాలూ చూసుకునేది. ఆమె వార్డు ఈ చివర మందు వేసేసరికి ఆ చివర పంపు కూసేది. ఒక్కోసారి బాత్రూంకు వెళ్లడానికి కూడా ఆమెకు తీరికుండేది కాదు. ఖాళీ పోస్టులు నింపకుండా పిల్లల నిద్ర గురించి ఆమెకు పాఠం చెప్పడం అన్యాయం. నర్సింగ్ కాలేజీల్లో చేరిన ఆడపిల్లలతో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద దీపం వెలిగించి ప్రమాణం చేయిస్తారు. ఆమె తన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’లో అనవసరపు శబ్దం రోగికి చేసే హాని గురించి ఏకంగా ఒక అధ్యాయం రాసింది. 1859 నాటి పుస్తకం అది. దీపం పట్టించిన ప్రభుత్వాలు, యాజమాన్యాలు, ఆ అధ్యాయం అమలయ్యేంతమంది నర్సులను ఇచ్చాయా?

నా కోపమంతా నిర్ణయాలు తీసుకునేవాళ్ల మీద. 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ‘ముస్కాన్’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, ప్రభుత్వ ఆస్పత్రులను పిల్లలకు అనువుగా మార్చడానికి. మంచి ఉద్దేశమే. దాని ఫలితంగా చాలాచోట్ల గోడల మీద ఏనుగులు, కుందేళ్లు, ఛోటా భీమ్ బొమ్మలు వెలిశాయి. తనిఖీ బృందం పగలు వస్తుంది, బొమ్మలను ఫొటో తీసుకుంటుంది, మార్కులు వేస్తుంది, వెళ్లిపోతుంది. ఆ బొమ్మల మీద రాత్రంతా ట్యూబ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది, వాటి కింద పిల్లలు మోచేతులు కళ్ల మీద పెట్టుకుని పడుకుంటారు. పిల్లలకు అనువు అంటే రంగులేనా? పిల్లవాడికి కావలసింది బొమ్మ కన్నా ముందు చీకటి. మెత్తటి, భయం లేని, పక్కన అమ్మ ఉన్న చీకటి. దానికి పెయింటు ఖర్చు కూడా కాదు.

ఎవరిని అడిగినా ఒకటే ధోరణి. డాక్టరు గారు ఆర్డర్లు రాయడం వరకే అంటారు. సిస్టర్ స్టాఫ్ లేరంటుంది. ఎలక్ట్రీషియన్ ఎస్టిమేట్ పంపామంటాడు. ఆర్‌ఎంఓ ఫైల్ పైకి వెళ్లిందంటారు. పిల్లలు ఎక్కడైనా నిద్రపోతారమ్మా, మీరే అనవసరంగా కంగారుపడుతున్నారు అని చివరికి అందరూ కలిసి తల్లినే సముదాయిస్తారు. పిల్లలు ఎక్కడైనా నిద్రపోరు. ఇంటికొచ్చాక కూడా మావాడు చాలాకాలం గదిలో లైటు వేస్తే ఉలిక్కిపడి లేచి చెయ్యి వెనక్కి దాచుకునేవాడు.

సూపరింటెండెంట్ గారూ, మెడికల్ డైరెక్టర్ గారూ, ఆరోగ్యశాఖ కార్యదర్శి గారూ, మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఈ నెలలో ఏదో ఒక రాత్రి, ముందు చెప్పకుండా, మీ పిల్లల వార్డుకు రండి. ఏసీ గదిలో వద్దు, ఏదో ఒక మంచం పక్కన, తల్లులకు ఇచ్చే ఆ కుర్చీలోనే కూర్చోండి. పది నుంచి ఆరు దాకా ఉండండి. ఎన్నిసార్లు లైటు వెలిగిందో, ఎన్నిసార్లు పంపు కూసిందో, పక్కనున్న బిడ్డను ఎంతమంది ఎందుకు లేపారో కాగితం మీద రాసుకోండి. తెల్లారాక ఇంటికి పోకుండా నేరుగా మీ రౌండ్స్‌కు వెళ్లండి, మీ ఆపరేషన్లు చేయండి, మీ ఫైళ్లు చూడండి. చేయలేకపోతే, ఆ రాసుకున్న కాగితాన్ని అదే రోజు మధ్యాహ్నం వార్డు మీటింగ్‌లో పెట్టి, ఒక్కో మెలకువ పక్కన అది అవసరమో కాదో రాయించండి. అవసరం లేనివి ఆ రాత్రి నుంచే ఆపండి.